మంచుదేశపు భాషోపాధ్యాయుడు సామ్యూల్ క్లైన్‌ష్మిట్

విద్యార్థులారా! ‘ఇల్లు’ అను మాట తెలుగువారికి మాత్రమే చెందినదని మనము తలంచుచుందుము. కాని ఉత్తరధ్రువమునకు చేరువగా, మంచుకొండలు తేలియాడు సముద్రపుటొడ్డున నివసించు ఒక జాతివారును తమ నివాసమును ‘ఇల్లు’ అనియే పిలుతురు. వారు గ్రీన్లాండు దేశీయులు. ఈ పోలిక కాకతాళీయము. తెలుగునకును వారి భాషకును చుట్టరికమేమియు లేదు. అయినను ఆ మాట చెవిని బడినప్పుడు, దూరదేశపు సంతలో మన ఊరివారెవరో కనబడినట్లు మనసునకు సంతోషము కలుగును. ఆ భాషకు నిలుకడయైన వ్రాతపద్ధతిని, వ్యాకరణమును, నిఘంటువును, బడిపిల్లలకు పాఠ్యపుస్తకములను సమకూర్చి, దానిని బోధించుటలోనే జీవితమును గడపిన ఒక ఉపాధ్యాయుని చరిత్రను ఇచ్చట తెలిసికొందము. ఆయన పేరు సామ్యూల్ క్లైన్‌ష్మిట్.

గ్రీన్లాండు ప్రపంచములోని ద్వీపములలో మిక్కిలి పెద్దది. దాని వైశాల్యము సుమారు 21 లక్షల 60 వేల చదరపు కిలోమీటర్లు. అందు అయిదింట నాలుగు వంతులు ఎన్నడును కరగని మంచుచే కప్పబడియున్నది. సముద్రతీరమున సన్నని అంచువలె మిగిలిన రాతినేలమీదనే జనులు నివసింతురు. అక్కడ వరి పండదు, గోధుమ పండదు, నీడనిచ్చు చెట్టు లేదు. పూర్వము ఆ జనులు సీలు అను జలజంతువును వేటాడి, దాని మాంసమును తిని, దాని చర్మమును ధరించి, దాని క్రొవ్వుతో దీపము వెలిగించుకొని బ్రదికెడివారు. కయాకు అను సన్నని తోలుపడవలో ఒంటరిగా కూర్చుండి, చలిగాలిలో, అలలపై వేటాడుట పురుషుల వృత్తి. రాళ్లతోను మట్టిగడ్డలతోను గోడలు కట్టి, సీలు ప్రేగుల పొరలను కిటికీలకు అమర్చి, లోపల రాతిప్రమిదలో క్రొవ్వుదీపము నిలిపి, అందరును కూడి శీతకాలము గడపుట వారి సంసారము. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఆ జనుల సంఖ్య సుమారు పదివేలు. మన జిల్లాలోని ఒక పెద్ద గ్రామమున ఉండునంత జనము, వందలకొలది మైళ్ల తీరమున చెదరియుండెనన్నమాట.

ఆ దేశమునకు 1721వ సంవత్సరమున హాన్స్ ఎగెడె అను మతబోధకుడు డెన్మార్కు రాజుగారి అనుమతితో వచ్చెను. 1728లో గోట్‌హోబ్ అను ఊరు వెలసెను. నేడు దానినే నూక్ అందురు. గ్రీన్లాండునకు అదియే రాజధాని. 1733లో జర్మనీ నుండి మొరేవియను సోదరసంఘము వారు వచ్చి, గోట్‌హోబ్‌నకు చేరువనే నోయ్‌హెర్న్‌హూట్ అను తమ స్థానమును నెలకొల్పిరి. ఈ విధముగా డేనిషు భాష మాటలాడువారి మిషను ఒకటి, జర్మను భాష మాటలాడువారి మిషను ఒకటి, రెండును ఆ చిన్న జాతి నడుమ పనిచేయుచుండెను. వర్తకమంతయు డెన్మార్కు ప్రభుత్వము చేతిలో నుండెను. ఓడలు వేసవిలో మాత్రమే వచ్చెడివి. ఒక ఉత్తరము వ్రాసి పంపినచో దాని జవాబు అందుటకు పెక్కు పర్యాయములు మరుసటి సంవత్సరము వరకు వేచియుండవలసి వచ్చెడిది.

ఇట్టి దేశపు దక్షిణభాగమున, లిఖ్టెనావ్ అను మొరేవియను గ్రామములో, 1814వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన సామ్యూల్ క్లైన్‌ష్మిట్ జన్మించెను. తండ్రి జర్మను మతబోధకుడు. తల్లి డెన్మార్కు దేశస్థురాలు. ఇంటిలో రెండు భాషలు, వాకిట మూడవ భాష. ఇరుగుపొరుగు పిల్లలతో ఆటలాడుచు ఆ బాలుడు గ్రీన్లాండు భాషను అనాయాసముగా నేర్చుకొనెను. పుస్తకము చూచి నేర్చిన భాషకును, ఆటలో నేర్చిన భాషకును గల భేదము మీకు తెలియనిది కాదు. మన బడి దాటిన వెంటనే వీధిలో మరొక భాషను మీరు మాటలాడుచున్నారు గదా! దానిని మీకు ఎవరును వ్యాకరణము పెట్టి నేర్పలేదు.

తొమ్మిదేండ్ల ప్రాయమున, 1823లో, సామ్యూల్ చదువునిమిత్తము ఐరోపాకు పోవలసివచ్చెను. మతబోధకుల పిల్లలను స్వదేశపు బడులకు పంపుట ఆ సంఘపు ఆచారము. జర్మనీలోని సాక్సనీ ప్రాంతమున క్లైన్‌వెల్కా అను చోట సంఘమువారి పాఠశాలలో ఆయన చదివెను. పిమ్మట హాలండులోని జైస్ట్ పట్టణమున ఒక మందుల దుకాణములో పని నేర్చుకొనెను. కొంతకాలము డెన్మార్కులోని క్రిస్టియన్స్‌ఫెల్డ్ పట్టణమున ఉపాధ్యాయుడుగా నుండెను. ఈ నడుమ పెక్కు భాషలు ఆయనకు అలవడెను. అట్టివానికి ఐరోపాలోనే సుఖముగా కాలము గడపు మార్గములు కొరవడవు. కాని 1841లో, తన ఇరువదియేడవ యేట, ఆయన మతబోధకుడై తాను పుట్టిన లిఖ్టెనావ్ గ్రామమునకే తిరిగివచ్చెను. తొమ్మిదేండ్ల బాలుడు విడిచిన తీరమును పదునెనిమిది సంవత్సరముల తరువాత యువకుడై చేరెను. అటుపిమ్మట మరణించువరకు ఆయన జీవితమంతయు గ్రీన్లాండులోనే గడచెను.

తిరిగివచ్చిన ఆయన కంటికి ఒక లోపము స్పష్టముగా గోచరించెను. మతబోధకులలో చాలమంది ఆ దేశపు భాషను కష్టముమీద నేర్చుకొని, తప్పులతో మాటలాడుచుండిరి. ఆ తప్పులే పుస్తకములలోనికిని ఎక్కుచుండెను. వ్రాతలో ఒక్కొక్కరిది ఒక్కొక్క పద్ధతి. పాల్ ఎగెడె, ఓటో ఫబ్రీసియస్ మొదలగు పూర్వులు నిఘంటువులను, వ్యాకరణములను వ్రాసి గొప్ప సేవ చేసియుండిరి. కాని వారు లాటిను వ్యాకరణపు చట్రమును ముందుంచుకొని, దానిలో ఈ భాషను ఇమిడ్చిరి. ఒకరి కొలతలకు కుట్టిన అంగీని మరొకరికి తొడిగినట్లు అది కొన్నిచోట్ల బిగుతై, కొన్నిచోట్ల వదులై యుండెను.

ఆ భాష స్వభావమును కొంచెము చూతము. అందు ఒక మాటకు ప్రత్యయములు ఒకదాని వెనుక ఒకటి చేరుచుపోవును. ‘ఇల్లు’ అనగా ఇల్లు. ‘ఇల్లోర్సువాక్’ అనగా పెద్ద ఇల్లు. ‘ఇల్లోకర్పోక్’ అనగా అతనికి ఇల్లున్నది. ‘ఇల్లోకర్ఫిక్’ అనగా ఇండ్లుగల చోటు, అనగా పట్టణము. ఒక వాక్యమంతయు ఒకే మాటగా కూడియుండుట ఆ భాషలో సామాన్యము. తెలుగు పిల్లలకు ఇది అంత వింతగా తోచదు. ‘చేయించుకొనలేకపోయితిమి’ అని మనము ఒక్క ఊపిరిలో అనుచున్నాము గదా! దానిని ఇంగ్లీషులోనికి మార్చవలెనన్నచో ఎన్ని మాటలు కావలెనో లెక్కపెట్టి చూడుడు. లాటిను చదివిన పండితునికి ఇట్టి మాట గందరగోళముగా కనబడును. దానిలో ఆడి పెరిగిన క్లైన్‌ష్మిట్‌నకు అందలి క్రమము కనబడెను. ఏ ప్రత్యయము ముందు రావలెనో, ఏది వెనుక రావలెనో, చేరినపుడు ఏ అక్షరము మారునో, ఆ నియమములన్నిటిని ఆ భాషనుండియే ఆయన రాబట్టెను. ఆ వ్యాకరణము జర్మను భాషలో వ్రాయబడి 1851లో బెర్లిను నగరమున అచ్చయ్యెను. కాలము తెలియుటకై చెప్పుచున్నాను: మన భాషకు సి. పి. బ్రౌను దొరవారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది 1852లో. ధ్రువప్రాంతపు భాషలను పరిశోధించు పండితులు ఆనాటినుండి నేటివరకు క్లైన్‌ష్మిట్ వ్యాకరణమును ఆదరముతో చూచుచున్నారు.

వ్యాకరణముతోపాటు ఆయన వ్రాతపద్ధతిని కూడ చక్కదిద్దెను. గ్రీన్లాండు భాషను రోమను అక్షరములతో వ్రాయుదురు. కాని ఆ భాషలో గొంతు లోతునుండి పలుకు కకారము ఒకటి, సామాన్యమైన కకారము ఒకటి, రెండు వేరువేరు ధ్వనులున్నవి. రెంటిని ఒకే అక్షరముతో వ్రాసినచో అర్థము చెడును. మన ‘కల’ను ‘కళ’ను ఇంగ్లీషు అక్షరములతో వ్రాసి చూడుడు; నిద్రలో వచ్చునదేదో, చిత్రకారుడు నేర్చునదేదో తెలియదు. అందుచే క్లైన్‌ష్మిట్ లోతైన కకారమునకు ప్రత్యేకముగా ఒక చిన్న అక్షరమును కల్పించెను. మరియు ఆ భాషలో హ్రస్వదీర్ఘముల భేదము, ద్విత్వముల భేదము ముఖ్యములు. మనకు ‘పడు’ వేరు, ‘పాడు’ వేరు. ‘గడి’ వేరు, ‘గడ్డి’ వేరు. అట్లే అక్కడను. అచ్చు దీర్ఘమైనచో ఒక గుర్తు, తరువాతి హల్లు ద్విత్వమైనచో ఒక గుర్తు, రెండును కూడినచో మరొక గుర్తు అక్షరముపై ఉంచునట్లు ఆయన నియమించెను. ఈ పద్ధతి గ్రీన్లాండంతట వ్యాపించి, నూరేండ్లకు పైగా బడులలోను, పత్రికలలోను, ఉత్తరములలోను నిలిచెను.

వ్యాకరణము పండితులకు. పిల్లల కేమి? ఈ ప్రశ్న ఆయనను విడువలేదు. ఆ కాలమున గ్రీన్లాండు భాషలో పుస్తకములనగా ముఖ్యముగా మతగ్రంథములే. ప్రపంచములో ఏయే దేశములున్నవో, ఆ దేశములలో ఎవరున్నారో, భూమి ఎట్లున్నదో తెలిసికొనవలెనన్నచో గ్రీన్లాండు బాలునికి తన భాషలో మార్గము లేదు. కావున క్లైన్‌ష్మిట్ ఒక చిన్న ముద్రణయంత్రమును సంపాదించి, నోయ్‌హెర్న్‌హూట్‌లో పుస్తకములు అచ్చువేయసాగెను. 1858లో ఆయన రచించిన భూగోళశాస్త్ర పుస్తకము గ్రీన్లాండు భాషలో వెలువడెను. మన దేశమున చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడిన సంవత్సరమును అదియే.

ఇందలి కష్టమును ఊహింపుడు. ఎడారిని చూడనివారికి ఎడారిని చెప్పవలెను. అడవిని చూడనివారికి అడవిని చెప్పవలెను. ఏనుగును, ఒంటెను, నాగలిని, చక్రముగల బండిని, పండ్లతోటను ఆ భాషలో చెప్పవలెను. పరభాషాపదమును తెచ్చి అతికించుట సులభమైన దారి. కాని ఆ భాషకే గల ప్రత్యయములతో క్రొత్త మాటలు పుట్టింపవచ్చునని, ఏ విషయమునైనను దానిలో చెప్పవచ్చునని క్లైన్‌ష్మిట్ తన పుస్తకములద్వారా నిరూపించెను. ఒక భాష చిన్నదని మనము చెప్పునప్పుడు, దానిని మాటలాడువారి సంఖ్య చిన్నదని మాత్రమే అర్థము. దానిలో పట్టు విషయము చిన్నదని కాదు.

ఆయన సంఘములో ఆయనకు శాంతి లేకపోయెను. మతబోధకులు యజమానులవలెను, దేశీయులు ఎన్నటికిని పెరుగని పిల్లలవలెను ఉండుట ఆయనకు నచ్చలేదు. గ్రీన్లాండు జనులు తమ వ్యవహారములను తాము నడపుకొనునట్లు వారిని సిద్ధముచేయవలెనని ఆయన అభిప్రాయము. పుట్టుకచే తాను ఐరోపావాడైనను, మనసుచే గ్రీన్లాండువాడనని ఆయన భావించుకొనెడివాడు. మాట మెత్తనివాడు కాడు. రాజీకి సులభముగా ఒప్పుకొనువాడును కాడు. పెద్దలతో వివాదములు పెరిగి, తుదకు 1859లో ఆయన మొరేవియను సంఘమును విడిచి, డేనిషు మిషనులో ఉద్యోగము స్వీకరించెను. తండ్రి సేవించిన సంఘమును, తనను చదివించిన సంఘమును నలుబదియైదవ యేట విడిచివచ్చుట సామాన్యమైన విషయము కాదు. అవివాహితుడగుటచే ఇంట ఓదార్చువారును లేరు. అయినను ఆయనకు పని మిగిలియుండెను.

ఆ పని ఏదనగా, గోట్‌హోబ్‌లోని ఉపాధ్యాయ శిక్షణపాఠశాలలో బోధించుట. ఈ పాఠశాల 1845లో స్థాపింపబడెను. గ్రీన్లాండు యువకులను ఉపాధ్యాయులుగాను, మతబోధకులుగాను తయారుచేసి, తీరమునగల చిన్నచిన్న పల్లెలకు పంపుట దాని ఉద్దేశము. క్లైన్‌ష్మిట్ 1859 మొదలు తుదివరకు, అనగా ఇరువదియారు సంవత్సరములకు పైగా, ఇక్కడ బోధించెను. కాని నివాసమును మాత్రము మార్చలేదు. పాత నోయ్‌హెర్న్‌హూట్‌లోనే ఉండి, అక్కడనుండి ప్రతిదినమును గోట్‌హోబ్‌నకు నడచిపోయెడివాడు.

ఆ నడకను గూర్చి నూక్ నగరవాసులు నేటికిని ఒక కథ చెప్పుకొందురు. నూక్ ధ్రువవృత్తమునకు కొంచెము దక్షిణముననున్నది. కావున అక్కడ సూర్యుడు శీతకాలమున పూర్తిగా అదృశ్యుడు కాడు. కాని డిసెంబరు మాసమున పగలు సుమారు నాలుగు గంటలు మాత్రమే. పాఠశాలకు పోవునపుడును చీకటియే, తిరిగివచ్చునపుడును చీకటియే. దారి రాతినేల, దానిపై మంచు, సముద్రపు గాలి. క్లైన్‌ష్మిట్ చేత లాంతరు పట్టుకొని ఇంటినుండి బయలుదేరి, నడిదారిలో నాటిన ఒక స్తంభమునకు దానిని తగిలించి, మిగిలిన దారి నడచి పాఠశాలకు పోయెడివాడట. తిరిగివచ్చునపుడు ఆ స్తంభమునొద్ద లాంతరు తీసికొని ఇంటికి పోయెడివాడట. రాజధాని నగరముగా పెరిగిన నూక్‌లో ఆయన జ్ఞాపకార్థము దీపస్తంభమునే నిలిపియున్నారు. ఎత్తైన శిలావిగ్రహము కంటె ఆయనకు అదియే తగియున్నది.

ఆ పాఠశాలలో చదివిన యువకుల భవిష్యత్తు ఏమి? వారు పల్లెలలో బడిపంతుళ్లగుదురు. పల్లె యనగా కొన్ని మట్టియిండ్లు. వేరుగా బడి కట్టడము లేనిచోట, ఎవరి ఇంటిలోనో క్రొవ్వుదీపపు వెలుతురున పిల్లలు కూర్చుండి చదువవలెను. పంతులుగారి జీతము స్వల్పము. దానితో సంసారము సాగదు. కావున ఆయన కూడ కయాకు ఎక్కి వేటకు పోవలెను. వేట దొరకని శీతకాలమున ఆకలి అందరికిని సమానమే, పిల్లలకును, పంతులునకును. చదువుకై యౌవనమును గడపినవాడు వేటలో వెనుకబడును. వేటలో మునిగినవాడు బోధనలో వెనుకబడును. ఈ చిక్కు ఆనాటి గ్రీన్లాండు ఉపాధ్యాయునికి నిత్యజీవితము. క్లైన్‌ష్మిట్ శిష్యులు ఈ రెండు పనులను భుజమునకెత్తుకొని తీరమంతట వ్యాపించిరి. ఆయన నియమించిన వ్రాతపద్ధతి నూరేండ్లు నిలిచినదన్నచో, బెర్లినులో అచ్చయిన వ్యాకరణమువలన మాత్రమే కాదు. చలిలో వ్రేళ్లు కొంకర్లుపోవుచుండగా పిల్లలచేత అక్షరములు దిద్దించిన ఆ పేరులేని పంతుళ్లవలన నిలిచినది.

ఇదే కాలమున గోట్‌హోబ్‌లో మరికొన్ని మంచి పనులు జరిగెను. దక్షిణ గ్రీన్లాండు పాలనాధికారియైన హిన్రిక్ రింక్ దేశీయుల కథలను వారిచేతనే వ్రాయించి సేకరించెను. ఆయన ప్రోత్సాహమున 1861లో గ్రీన్లాండు భాషలో ‘అతువాగాగ్‌డ్లియుటిట్’ అను పత్రిక ప్రారంభమయ్యెను. దాని మొదటి సంపాదకుడు రాస్మస్ బెర్తెల్సెన్. 1874 నుండి లార్స్ మోలర్. ఇరువురును ఆ దేశమున పుట్టినవారే. వేటగాండ్రు తమ అనుభవములను తామే వ్రాసి ఆ పత్రికకు పంపసాగిరి. బడిలో నేర్చిన అక్షరము ఇంటికి చేరి, ఇంటినుండి పత్రికకు చేరెను. చదువరులు లేని భాషలో పత్రిక నిలువదు; ఆ చదువరులను తయారుచేసినది బడియే.

క్లైన్‌ష్మిట్‌నకు బోధన ఒక్కటే వ్యాపకము కాదు. ఆయన ఆకాశమును గూడ శ్రద్ధతో చూచెడివాడు. ఆ ప్రాంతమున శీతకాలపు రాత్రులందు ఆకాశమున ఆకుపచ్చని, ఎర్రని కాంతులు తెరలవలె కదలును. వానిని ధ్రువకాంతులందురు. ఏ రాత్రి కనబడెనో, ఏ రాత్రి కనబడలేదో ఆయన 1865 నుండి ఏండ్లతరబడి వ్రాసియుంచెను. నార్వేలో ఈ కాంతులను పరిశోధించుచుండిన సోఫస్ ట్రోమ్‌హోల్ట్ అను శాస్త్రజ్ఞుడు ఆ లెక్కలను ఆధారముగా తీసికొని, ధ్రువకాంతులు హెచ్చుతగ్గులగు కాలములను గూర్చి 1882లో ఒక గ్రంథము ప్రకటించెను. మందుల దుకాణమున తూనికలు నేర్చిన చేయి, అక్షరములను కొలిచిన చేయి, ఆకాశమును గూడ అంత జాగ్రత్తతోనే లెక్కించెను.

1871లో ఆయన కూర్చిన గ్రీన్లాండు-డేనిషు నిఘంటువు కోపెన్‌హేగనులో అచ్చయ్యెను. బైబిలు భాగములను గూడ ఆయన గ్రీన్లాండు భాషలోనికి పరివర్తనము చేసెను. ఒక విషయమును ఇక్కడ గమనింపుడు. ఆయన గ్రీన్లాండు భాషను ప్రేమించినది ఇతర భాషలను ద్వేషించి కాదు. వ్యాకరణమును జర్మనులో వ్రాసెను. నిఘంటువున అర్థములను డేనిషులో ఇచ్చెను. బడిపుస్తకములను గ్రీన్లాండు భాషలో వ్రాసెను. ఎవరికి ఏది చెప్పవలెనో వారి భాషలో చెప్పెను. భాషకును భాషకును నడుమ ఆయన గోడ కట్టలేదు, వంతెన కట్టెను.

1886వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన, డెబ్బదిరెండవ జన్మదినమునకు పదునెనిమిది దినములు ముందుగా, సామ్యూల్ క్లైన్‌ష్మిట్ గోట్‌హోబ్‌లో మరణించెను. ధనము కూడబెట్టలేదు, సంతానము లేదు. ఆయన వారసులు ఆయన శిష్యులు, వారి శిష్యులు.

ఆ తరువాతి చరిత్ర నున్నని దారి కాదు. కాలము గడచినకొలది జనుల ఉచ్చారణ మారెను. క్లైన్‌ష్మిట్ వ్రాత పాత పలుకుబడిని అనుసరించినది. అందుచే పిల్లలకు వ్రాతయొకటి, పలుకుబడి యొకటియై కష్టమయ్యెను. ఆయన ‘ఇగ్‌డ్లో’ అని వ్రాసిన మాటయే జనుల నోట ‘ఇల్లు’ అయినది. 1953లో గ్రీన్లాండు డెన్మార్కు రాజ్యములో ఒక భాగముగా చేర్చుకొనబడిన పిదప, బడులలో డేనిషు భాషకు ప్రాముఖ్యము పెరిగెను. మాతృభాష వెనుకకు పోవునేమో అని చాలమంది భయపడిరి. కాని ఆ భాషవారు ఊరకుండలేదు. 1973లో నేటి ఉచ్చారణకు తగినట్లు వ్రాతపద్ధతిని సులభము చేసికొనిరి. క్లైన్‌ష్మిట్ కల్పించిన అక్షరము, గుర్తులు అప్పుడు తొలగిపోయెను. 1979లో స్వపరిపాలన వచ్చెను. 2009లో ఆ అధికారము విస్తరింపబడి, గ్రీన్లాండు భాషయే ఆ దేశపు అధికారభాష అయ్యెను. నేడు అక్కడి జనసంఖ్య సుమారు 56 వేలు. ఆయన బోధించిన ఉపాధ్యాయ పాఠశాల ఇప్పుడు గ్రీన్లాండు విశ్వవిద్యాలయములో భాగమై, ఆ భాషలో బోధించు ఉపాధ్యాయులను తయారుచేయుచున్నది.

ఆయన పెట్టిన అక్షరమునే తీసివేసిరి గదా, ఇక ఆయన పని నిలిచినట్లా, పోయినట్లా అని మీలో చురుకైనవారు అడుగవచ్చును. నాకు తోచినది చెప్పెదను. వంటపాత్ర పాతబడినచో మార్చుకొందుము. వంట చేసికొనుట మానము. వ్రాతపద్ధతి పాత్ర, భాషయే అన్నము. దిద్దుకొనుటకు ఆ జాతికి వ్రాత యొకటి ఉన్నదన్నచో, దిద్దుకొనగల పండితులు ఆ జాతిలోనే పుట్టిరన్నచో, అందు క్లైన్‌ష్మిట్ నడచిన చీకటిదారి కొంత ఉన్నది.

మన బడికి వచ్చు తల్లిదండ్రులలో కొందరు, తెలుగు చదివినందువలన పిల్లవానికి ఇక్కడ ఏమి ప్రయోజనము అని అడుగుచుందురు. వారి ఆందోళన న్యాయమైనదే. పిల్లవాని బ్రదుకుతెరువును గూర్చి తలంపని తల్లిదండ్రు లుండరు. మనము నివసించు రాష్ట్రపు భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలెను, ఇంగ్లీషును నేర్వవలెను. అందులో సందేహము లేదు. క్లైన్‌ష్మిట్ జీవితము చెప్పునది వేరొకటి. పదివేలమంది మాటలాడు భాషలో భూగోళము వ్రాయుట సాధ్యమైనది. నిఘంటువు కూర్చుట సాధ్యమైనది. పత్రిక నడపుట సాధ్యమైనది. కోట్లమంది మాటలాడు తెలుగునకు, వెయ్యేండ్ల సాహిత్యముగల తెలుగునకు, ఏ ఊరిలోనైనను కొరత రాదు. మన ఇంటిలో, మన బడిలో దానిని మాటలాడి, చదివి, వ్రాసి, తరువాతివారికి అందించు ఓపిక మాత్రమే కావలెను.

విద్యార్థులారా! ఈ వారమున మీ అవ్వనో తాతనో అడిగి, మీ ఇంటిలో వాడుకలోనుండి పుస్తకములలో కనబడని పది తెలుగు మాటలను వ్రాసి తెండు. వంటింటి మాటలైనను సరే, పొలపు మాటలైనను సరే. అర్థమును రాష్ట్రభాషలో గూడ ప్రక్కన వ్రాయుడు. తరగతిలో అందరివి కూర్చి ఒక చిన్న పుస్తకము చేయుదము. మంచుదేశపు ఉపాధ్యాయునికి మనము చేయగల నమస్కార మిదియే.